చెల్లెలి దుఃఖములో నుండి లేచిన ఆస్పత్రి



చోళపురం, రాజపాళయం చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి పేరు కొత్త కాదు. తమిళనాడు ప్రభుత్వము గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ప్రసూతి సహాయ పథకము ఆమె పేరిటనే ఉన్నది. మన ఇండ్లలోని కోడండ్లు, కూతుళ్ళు ఆ కాగితాల మీద ఆమె పేరు చూచినవారే. అయితే ఆమె ఎవరో, చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఆస్పత్రికి ఆమెతో ఉన్న సంబంధమేమిటో మనలో చాలమందికి తెలియదు. ఆమె క్రైస్తవురాలు కారు. అయినను ఆమె జీవితములో మనము నేర్చుకొనదగిన పాఠము ఉన్నది గనుక ఇక్కడ క్లుప్తముగా వ్రాస్తున్నాము.

ముత్తులక్ష్మి గారు 1886వ సంవత్సరము జూలై 30న పుదుక్కోట సంస్థానములో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యరు గారు అక్కడి కాలేజీలో ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసి కులములో పుట్టినవారు. ఆ వివాహము వలన తండ్రి తనవారికి దూరమయ్యారు. ఆడపిల్లలకు పై చదువులు లేని ఆ రోజుల్లో, మహారాజా వారి అనుమతితో ఆమె మగపిల్లల కాలేజీలో చదివారు. తరువాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో డాక్టరు పట్టా పొందారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని వివాహము చేసుకొన్నారు. తనను సమానురాలిగా చూడాలని పెండ్లికి ముందే కోరగా ఆయన అందుకు ఒప్పుకొన్నారు.

ఇంటిలో ఇద్దరు డాక్టర్లు. అటువంటి ఇంటికి కూడ క్యాన్సరు చెప్పకుండా వచ్చింది. ముత్తులక్ష్మి గారి చెల్లెలికి జబ్బు చేసినప్పుడు మొదట దానిని జిగట విరేచనాలనుకొని వైద్యము చేశారు. అసలు జబ్బు పెద్దప్రేగు చివరి భాగములోని క్యాన్సరు అని తెలిసే వేళకు ఆలస్యమైపోయింది. 1923లో ఆ చెల్లెలు కన్నుమూశారు. ఎందరికో ప్రాణము పోసిన అక్క, తన సొంత చెల్లెలిని కాపాడుకొనలేకపోయారు. ఆ బాధ ఎంతటిదో, ఇంటిలో ఒకరిని ఈ జబ్బుకు పోగొట్టుకొన్నవారికి మేము చెప్పనక్కరలేదు.

ఆమె ఆ దుఃఖములోనే కూర్చుండిపోలేదు. 1925లో పై చదువుకు ఇంగ్లండు వెళ్ళినప్పుడు అక్కడ క్యాన్సరుకు చేసే వైద్యమును కూడ గమనించారు. మన దేశములోను అటువంటి ఆస్పత్రి ఉండాలని మనస్సులో పెట్టుకొన్నారు. తిరిగి వచ్చిన తరువాత మద్రాసు శాసనమండలిలో సభ్యురాలై, 1927లో దానికి ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసి ఆచారమును మాన్పించుటకు పోరాడారు. దిక్కులేని ఆడపిల్లల కొరకు అవ్వై హోమ్ స్థాపించారు. ఇన్ని పనులలోను చెల్లెలిని మరువలేదు.

క్యాన్సరు ఆస్పత్రి మాట ఎత్తితే ప్రోత్సహించినవారు తక్కువ. ఎట్లాగు చనిపోయే రోగుల కొరకు అంత డబ్బు ఎందుకని పెద్ద పదవులలో ఉన్నవారు కూడ అడిగారు. ఆమె వెనుదీయలేదు. భారత మహిళా సంఘములోని స్నేహితురాండ్రతో కలిసి చందాలు పోగుచేశారు. 1952లో ప్రధానమంత్రి నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1954లో అడయారులో 12 పడకలతో ఆస్పత్రి తెరవబడింది. అప్పటికి చెల్లెలు పోయి 31 సంవత్సరాలు గడిచాయి. ముత్తులక్ష్మి గారి వయస్సు 67. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి గారు ఆ చిన్న ఆస్పత్రిలో వైద్యుడై తల్లి కలను తన పనిగా చేసుకొన్నారు. మరుసటి సంవత్సరము డాక్టర్ శాంత గారు వచ్చి చేరి, 2021లో చనిపోయే వరకు అక్కడే సేవ చేశారు. ముత్తులక్ష్మి గారు 1968 జూలై 22న కన్నుమూశారు. ఇప్పుడు ఆ ఆస్పత్రికి తమిళనాడు నుండియే కాక తెలుగు జిల్లాల నుండి కూడ రోగులు వెళ్తున్నారు.

ప్రియులారా, మన సంఘాలలో ఈ జబ్బు పేరు పలుకుటకు ఇంకను భయపడుతున్నాము. పెద్ద జబ్బు అని మెల్లగా చెప్పుకొంటాము. పిల్లకు సంబంధము తప్పిపోతుందని దాస్తాము. ఏదో పాపమునకు శిక్ష అని, విశ్వాసము చాలలేదని అనేవారు కూడ ఉన్నారు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు అదే అడిగినప్పుడు, వాడు గాని వాని కన్నవారు గాని చేసిన పాపము దానికి కారణము కాదని మన ప్రభువు తేటగా చెప్పారు. ఆ మాట మరచి, మంచములో ఉన్నవాని మీద మరొక బరువు పెట్టకూడదు.

మలములో రక్తము పడితే మొలలే అని నెలల తరబడి ఊరుకొనవద్దు. రొమ్ములో గడ్డ కనబడితే, నోటిలో పుండు మానకపోతే, ముట్లు ఆగిన తరువాత మరల రక్తము కనబడితే సిగ్గుపడక డాక్టరుకు చూపించండి. ఇవన్నీ క్యాన్సరే కానక్కరలేదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ముందుగా కనిపెడితే నయమయ్యే అవకాశము ఎక్కువ. ప్రార్థన చేయండి, పరీక్షకును వెళ్ళండి. ఒకటి చేయుటకు రెండవది మానవలసిన పని లేదు.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వచ్చి, ఇంటి పైకప్పు విప్పి యేసు ఎదుట దింపిన సంగతి మనకు తెలుసు. మన మధ్య ఒకరికి ఈ జబ్బు వచ్చినప్పుడు ఆ నలుగురి పని మనదే. మధురకో చెన్నైకో రోగితోపాటు రాత్రి రైలు ఎక్కేవారు ఒకరు కావాలి. పిల్లలకు అన్నము పెట్టేవారు ఒకరు, తమిళములో వ్రాసిన కాగితాలు చదివి చెప్పేవారు ఒకరు, ఏమియు మాట్లాడక పక్కన కూర్చుండేవారు ఒకరు కావాలి. ముత్తులక్ష్మి గారికి కూడ ఇంటివారు, స్నేహితురాండ్రు తోడు నిలిచినందుననే ఆ 12 పడకలు సాధ్యమయ్యాయి.

ఈ నెల స్త్రీల కూడికలోను, గృహ ప్రార్థనలలోను ఈ సంగతి మాట్లాడుకొనవలసినదిగా కోరుతున్నాము. మన మధ్య జబ్బుతో ఉన్నవారిని, వారికి సేవ చేసే ఇంటివారిని ప్రభువు తన కృపలో కాచును గాక.