ఊరు విడిచిన చీరాల – ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య

కరవు వచ్చి గాని, అప్పు పెరిగి గాని, పన్ను భారమై గాని మనుష్యుడు పుట్టిన ఊరు విడిచిపోవుట లోకమున కొత్త కాదు. విజయనగర ప్రభువుల కాలపు శాసనములలోనే పన్నుల బాధకు తాళలేక రైతులు గ్రామములు విడిచిపోయిన వృత్తాంతములును, వారిని మరల రప్పించుటకై పన్నులు తగ్గించిన వృత్తాంతములును కానవచ్చును. అనంతపురపు మెట్టసీమలో ధర్మవరము, బత్తలపల్లె చుట్టుపట్ల వానలు ముఖము చాటుచేసిన యేడు కుటుంబములు మూటాముల్లె కట్టుకొని బెంగుళూరు త్రోవ పట్టుట నేటికిని ఉన్నదే. అయితే ఆ నిర్ణయము ఏ యింటి కాయింట జరుగునది. ముసలివారిని ఎవరు చూచుకొందురు, పిల్లల చదువు ఏమగును, ఉన్న నాలుగు గోడలు ఎవరి కప్పగింపవలెను అను ప్రశ్నలు ఏ గడపలోపల ఆ గడపలోపలనే తెగవలెను. ఒక పట్టణమున పదమూడు వేలకు పైబడిన జనము ఒక్కుమ్మడిగ ఈ ప్రశ్నల నెదుర్కొని, ఒక్కటే సమాధానము చెప్పుకొని, ఇండ్లకు తాళములు వేసి బయటికి నడచుట మాత్రము చరిత్రలో అరుదు. అది 1921లో చీరాల–పేరాలయందు జరిగినది. జరిపించిన మహనీయుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించినారు. తండ్రి కోదండరామస్వామిగారు, తల్లి సీతమ్మగారు. పుట్టిన మూడవనాడే తల్లి గతించినది. మూడేండ్లు నిండునప్పటికి తండ్రియు దాటిపోయినారు. పినతండ్రి, నాయనమ్మల పెంపకమున పెరిగిన ఆ బాలునకు ఇల్లు అనునది తొలినుండియు ఇతరుల దయవలన లభించిన నీడయే. గుంటూరు చదువులో మనసు పుస్తకములమీదకంటె పాటలమీద, పద్యములమీద, నాటకములమీద ఎక్కువగా నిలిచినది. బాపట్ల తాలూకా కచ్చేరీలో కొలది కాలము ఉద్యోగము చేసినారు కాని ఆ కాగితముల నడుమ వారికి ఊపిరి సలుపలేదు.

1911లో వారు సముద్రము దాటి స్కాట్లండు దేశమందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, అర్థశాస్త్రమున ఎం.ఏ. పట్టమును పొందినారు. ఆ దినములలోనే ఆనంద కుమారస్వామిగారి పరిచయ భాగ్యము లభించినది. నందికేశ్వరుని అభినయదర్పణమును వారిరువురును కలిసి ఆంగ్లమున అనువదింపగా ఆ గ్రంథము 1917లో అమెరికాయందు హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడినది. పాశ్చాత్య దేశములలో భారతీయ నాట్యమునకు గౌరవము కలిగించిన తొలి గ్రంథములలో అది యొకటి. ఒక చేత అర్థశాస్త్రము, మరియొక చేత అభినయశాస్త్రము పట్టుకొని స్వదేశమునకు వచ్చిన యువకుడు ఏ పెద్ద కొలువునైనను కోరుకొనవచ్చును. గోపాలకృష్ణయ్యగారు రాజమహేంద్రవరమునందును, బందరు జాతీయ కళాశాలయందును కొంతకాలము అధ్యాపకులుగ నుండి, అచ్చటను ఇముడలేక, తుదకు చీరాల చేరుకొన్నారు.

చీరాల, పేరాల జంట గ్రామములు. మదరాసు–బెజవాడ రైలుమార్గముమీద, సముద్రమునకు చేరువగా నున్నవి. నాడు గుంటూరు మండలములోనివి. నేత వృత్తికి పేరొందిన చోటు. ఆ చుట్టుపట్ల పేటలతో కలిపి జనసంఖ్య సుమారు 15,000. యూనియను పాలనలో ఉన్నంతకాలము జనము చెల్లించు పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. 1919–20 ప్రాంతమున మదరాసు ప్రభుత్వము ఈ గ్రామముల నన్నిటిని కలిపి పురపాలక సంఘముగ మార్చినది. దానితో పన్నుల మొత్తము సుమారు 40,000 రూపాయలకు ఎగబ్రాకినది. తలకు సగటు లెక్క కట్టినచో నాలుగణాల చిల్లర రెండు రూపాయల పదణాలు దాటినదన్నమాట. అయిదుగురున్న యింటికి ఏటికి రూపాయి అయిదణాలు పోయి పదమూడు రూపాయల అయిదణాలు వచ్చి కూర్చున్నది. పన్ను తలల లెక్కను వేయబడదు గనుక ఇది ఉరామరి లెక్కయే. కాని రెక్కాడితేగాని డొక్కాడని మగ్గపుటింటికి పదింతల బరువు ఎట్టిదో ఊహించుటకు ఈ మాత్రము చాలును.

పురపాలక సంఘము వచ్చిన వీధిదీపములు వచ్చును, మంచినీరు వచ్చును, పారిశుద్ధ్యము వచ్చును అని ప్రభుత్వ పక్షము వాదించినది. అది కేవలము కాదనదగిన వాదము గాదు. అయితే ఆ సౌఖ్యములకు వెల చెల్లింపవలసినవారు, తమకు ఆ వెల పెట్టుకొను తాహతు లేదని మొరపెట్టుకొన్నారు. మహజరులు పంపినారు. సంఘ సభ్యులు రాజీనామాలిచ్చినారు. ప్రభుత్వము సభ్యులు లేకున్నను జీతపు ఉద్యోగితో సంఘమును నడుపజూచినది. స్థానిక పరిపాలన శాఖ నాడు పానగల్ రాజాగారి చేతిలో ఉన్నది. పన్ను చెల్లింపనివారిపై అభియోగములు నడచినవి. చెరసాల కేగినవారిలో రావూరి అలివేలుమంగమ్మ అను వృద్ధురాలును ఉండుట ఆనాటి జనహృదయమును కలచివేసినది.

ఇట్టి సమయమున ప్రజలకు నాయకుడై నిలిచినవారు గోపాలకృష్ణయ్యగారు. వారు అప్పటికే శ్రీరామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చినారు. కాషాయ వస్త్రములు, మెడలో రుద్రాక్షలు, నుదుట సిందూరపు బొట్టు ధరించి, రామనామముతో కదలు ఆ దళమును చూచి నవ్వినవారు లేకపోలేదు. కాని 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు వెల్లువగా వచ్చిన జనమును క్రమముగ నడిపి ఆ దండు అందరి మన్ననలు పొందినది. ఆ సమావేశమునకు వచ్చిన గాంధీ మహాత్ముడు ఏప్రిల్ మొదటి వారమున చీరాలకును విచ్చేసినారు.

ప్రజలు మహాత్ముని సలహా కోరగా వారు రెండు మార్గములు చూపినారు. ఒకటి, పన్ను నిరాకరించి, జప్తులు వచ్చినను చెరసాలలు వచ్చినను శాంతముగ సహించుట. రెండవది, పురపాలక సంఘపు హద్దులు దాటి ఊరు విడిచిపోవుట. ఏది చేసినను కాంగ్రెసు పేరుమీద గాక తమ బాధ్యతమీదనే చేయవలెనని కూడ వారు హెచ్చరించినారు. మొదటి మార్గమున ఇంటిలోనే ఉండవచ్చును. కాని సామాను వీధిలోకి ఈడ్చు ఉద్యోగిని చూచి ఏ యువకుడు చేయి చేసికొనునో చెప్పలేము. ఒక్క రాయి లేచినను ఉద్యమము భగ్నమగును. రెండవ మార్గమున ఘర్షణకు తావు తక్కువ. కష్టము మాత్రము ప్రతి గడపకును తప్పదు. గోపాలకృష్ణయ్యగారు రెండవదానినే ఎన్నుకొన్నారు. జనులు లేని పురమునకు పురపాలక సంఘమెందులకు అను ప్రశ్నను ప్రభుత్వము ముందు నిలుపుటయే వారి తలంపు.

చెప్పుట సులువు, చేయుట ఎంత కష్టమో నేతగాని యిల్లు చూచినవారికి తెలియును. గుంటమగ్గము మూట గట్టుకొని పోవునది గాదు. నేలలో గుంట త్రవ్వి, గుంజలు పాతి, కొలతలు కుదుర్చుకొన్న మగ్గము ఆ యింటి నేలతో పెనవేసికొని యుండును. దానిని ఎత్తిన కొత్తచోట మరల గుంట త్రవ్వవలెను. పడుగుకు గంజి పట్టించుటకు నీడగల పొడవైన వీధి కావలెను. ఒక్క జల్లు పడినచో పడుగు పాడు. మగ్గము ఆగిన ప్రతిదినమును కూలి ఆగినట్లే. పన్ను తప్పించుకొనుటకు పోయి పనిని పోగొట్టుకొందుమా అను శంక ఎంతటి ధైర్యశాలికైనను కలుగక మానదు. ఇక పురిటి గదిలో పడుచులు, మంచము దిగలేని వృద్ధులు, పశువులు, ధాన్యము, దేవుని పటములు – వీనిలో దేనిని మోసికొనిపోవలెను, దేనిని విడువవలెను? గోపాలకృష్ణయ్యగారు చదివిన అర్థశాస్త్రమున రాబడి వ్యయముల లెక్క కలదు. ఈ ప్రశ్నలకు లెక్క లేదు.

అయినను జనము కదలినది. 1921 ఏప్రిల్ చివర, మే మొదట, ఎండలు మండుచుండగా, 15,000కు పైబడిన జనసంఖ్యలో 13,000కు మించినవారు ఇండ్లు విడిచి హద్దులకు వెలుపల తాటాకు పాకలు, పందిళ్ళు వేసికొన్నారు. ఆ కొత్త పల్లెకు రామనగరమని పేరు. అన్ని కులములవారును, అన్ని వృత్తులవారును అందు ఉండిరి. తగవులు తీర్చుటకు పంచాయతి ఏర్పడినది. రామదండు కాపలా కాచినది. సాయంకాలములందు భజనలు, హరికథలు జనుల బడలిక తీర్చినవి. గోపాలకృష్ణయ్యగారి కంఠము, సమయస్ఫూర్తి, చాటుపద్యములు, చమత్కారములు అక్కడ నిజముగ అక్కరకు వచ్చినవి. వారికి కళ పొద్దుపుచ్చుటకు గాదు. పాకలో పండుకొన్న మనుష్యుని మరునాటి ఉదయమునకు నిలువబెట్టుటకు.

ఎండలు పోయినవి, వానలు వచ్చినవి, పిదప చలి వచ్చినది. పాకలకు కప్పులు మార్చవలసి వచ్చినది. చేతిలోని రొక్కము కరగినది. విరాళములు సేకరించుట నాయకునకు నిత్యకృత్యమైనది. 1921 సెప్టెంబరులో గోపాలకృష్ణయ్యగారు బరంపురమునకు వెళ్ళినప్పుడు ఉపన్యసింపరాదని ప్రభుత్వము నిషేధము విధించినది. వారు దానిని పాటింపలేదు. నిర్బంధించి, ఒక సంవత్సరము శిక్ష విధించి, తిరుచినాపల్లి చెరసాలకు పంపినారు. రామనగరము దిక్కులేనిదైనది. అటులైనను వెంటనే చెదరిపోలేదు. నాయకుడు చెరలో ఉన్నను నెలల తరబడి జనము పాకలలోనే నిలిచినది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దురంతము పిదప గాంధీజీ దేశమంతటను శాసనోల్లంఘనమును నిలిపివేసినారు. బయటినుండి వచ్చు ఆశయు అంతటితో అడుగంటినది. దాదాపు పదకొండు నెలలు వనవాసము చేసి రామనగర వాసులు తమ యిండ్లకు మరలినారు, పన్నులును చెల్లించినారు.

ఈ వలస జయమా, అపజయమా అని నాటినుండి విమర్శకులు తర్కించుచునే యున్నారు. పన్ను లెక్క ప్రకారము చూచిన అది నష్టమే. పదకొండు నెలలు ఆగిన మగ్గముల కూలి ముందు కొన్నియేండ్ల పన్నైనను చిన్నదే కావచ్చును. అంతకు ముందు సంవత్సరమే, 1920లో, ఖిలాఫత్ ఉద్యమ కాలమున వేలకొలది ముస్లిములు ఆఫ్గనిస్థానమునకు తరలిపోయి, అచ్చట నిలువలేక, అనేకులు సర్వస్వము కోల్పోయి తిరిగి వచ్చియున్నారు. ఆ అనుభవము కన్నులయెదుట ఉండగా ఇంత జనమును కదలించుట సాహసమనువారి మాటలో కొంత సత్యము కలదు. ఉద్యమ భారమంతయు ఒక్కని భుజములమీద నిలుచుట దాని బలహీనత. నాయకుడు చెరసాల కేగిన పిదప ఆ స్థానమును నింపదగినవాడు లేకపోవుటయు, ధనమునకు స్థిరమైన ఏర్పాటు లేకపోవుటయు ఆ బలహీనతనే చాటినవి.

కాని వేరొక లెక్కయు కలదు. పన్ను కట్టలేనివాడు ఒంటరిగ ఊరు విడిచినప్పుడు లోకము వానిని దివాలా తీసినవాడనును. వాడు తల వంచుకొని పోవును. చీరాల జనులు తల ఎత్తుకొని పోయినారు. తమ తాహతునకు మించిన పట్టణమును తమ యనుమతి లేక తమ నెత్తిన పెట్టరాదని వారు చెప్పినారు. ఏ సంపన్నుడును, ఏ విద్యావంతుడును చెప్పలేనంత గట్టిగ, ఖాళీ వీధులచేత చెప్పించినారు. పదకొండు నెలలు ఒక్క దౌర్జన్యమునకును దిగక నిలుచుట దేశమంతటను పేరు గాంచినది. ఒంటరి వలసకును, కూడి చేసిన వలసకును గల భేదము ఇదియే. ఆ భేదమును జనులకు తెలిపినవారు గోపాలకృష్ణయ్యగారు.

చెరసాలనుండి వెలువడిన పిదప వారు చిత్తరంజన్ దాసుగారి స్వరాజ్య పక్షమును బలపరచినారు. రామదండును పునరుద్ధరింప యత్నించినారు. సాధన అను పత్రికను నడపినారు. జానపద కళలను ఆదరించినారు. కాని చేతిలో ధనము లేదు; దేహమున సత్తువ లేదు. ఎడింబరో పట్టభద్రుడు, కుమారస్వామి సహచరుడు, వేలమందికి పాకలు వేయించినవాడు, తన యింటికి స్థిరమైన రాబడి సమకూర్చుకొనలేకపోయినారు. క్షయవ్యాధి వారిని క్రుంగదీసినది. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్లు నిండిన ఎనిమిదవనాడు, వారు పరమపదించినారు.

ఆంధ్రరత్న బిరుదము వారికి పండితులు సమర్పించిన శాలువవంటిది గాదు. జనుల నాలుకలమీద నిలిచిన పేరు. బ్రతుకు తెరువునకై ఏ ఊరికి పోవలెనో తేల్చుకొనలేక నేటికిని ఎన్నో కుటుంబములు రాత్రులు మేల్కొనుచున్నవి. వారికి చీరాల కథ పోవలెననియు చెప్పదు, ఉండవలెననియు చెప్పదు. పోవుటకు ముందు మగ్గపు గుంటను, ముసలివారి మంచమును, చేతిలోని రొక్కమును లెక్కింపుమని చెప్పును. పోవలసినదే యైనచో ఇరుగుపొరుగుతో కలిసి ఆలోచింపుమనియు చెప్పును. గోపాలకృష్ణయ్యగారు రెండవ పాఠమును తమ జీవితముచేత నేర్పినారు. మొదటి పాఠమును రామనగరము నేర్పినది.