అగాథా క్రిస్టీ

జూబ్లీహిల్స్ ఫిలింనగర్‌లో తీసే కొన్ని సస్పెన్స్ సినిమాల్లో ఒకేచోట చిక్కుకున్నవాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటారు గదా, ఆ తరహా కథకు పేరు తెచ్చినావిడ అగాథా క్రిస్టీ. 1890లో ఇంగ్లండులోని టార్కీలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేస్తూ విషాల గురించి నేర్చుకున్నారు. 1926లో తల్లి మరణించింది, భర్త విడాకులు అడిగాడు. ఆ డిసెంబరులో ఇల్లు విడిచి, 11 రోజుల తర్వాత ఒక హోటల్లో మారుపేరుతో కనిపించారు.

1939 నాటి నవలలో పదిమందిని ఒక దీవికి చేర్చారు. అందరూ ఎవరో ఒకరి చావుకు కారణమై చట్టానికి చిక్కనివాళ్లే. వేరా అనే యువతి తనను నమ్మిన పిల్లవాణ్ణి సముద్రంలో మునిగిపోనిచ్చింది. హంతకుడికన్నా ఆ పిల్లవాడే ఆమెను ఎక్కువ వెంటాడతాడు. ఇంతకుమించి చెబితే చదవబోయే మిత్రులకు అన్యాయం.

1976లో ఆమె కన్నుమూశారు. ఆ 11 రోజుల సంగతి ఆత్మకథలో కూడా రాయలేదు.