కొమరం భీము

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములకు ఉత్తరమున గోదావరి ప్రవహించుచున్నది. ఆ నదిని దాటి పోయినచో ఆదిలాబాదు అడవులు కానవచ్చును. టేకు, ఇప్ప, మద్ది చెట్లు పెరుగు ఆ కొండలలో గోండులు తరతరములుగా నివసించుచున్నారు. ఒకప్పుడు గోండు రాజులు చాందా కోట నుండి రాజ్యమేలిరి. కాని ఇరువదవ శతాబ్దమునాటికి వారి జాతివారికి తాము దున్నిన చేనిపైననే హక్కు లేకపోయెను. ఆ హక్కును నిలిపి అడిగిన నాయకుడే కొమరం భీము.

భీము 1901 ప్రాంతమున ఆసిఫాబాదు తాలూకాలోని సంకేపల్లి గ్రామమున పుట్టెను. ఆ నాడు ఆ సీమ హైదరాబాదు నిజాము ఏలుబడిలో నుండెను. ఒక చేనిని కొన్నేండ్లు దున్ని, సారము తగ్గగానే బీడు విడిచి, మరియొక చోట సాగుచేయుట గోండుల అలవాటు. భూమికి పట్టా కావలెనను సంగతి వారిలో పెక్కుమంది ఎరుగరు. ప్రభుత్వము అడవులకు హద్దులు వేసి, బీడుపడిన చేలను కూడ అడవిలో కలిపెను. మైదానముల నుండి వచ్చినవారు మిగిలిన భూములకు పట్టాలు సంపాదించిరి. పశువుల మేతకును, వంటచెరకునకును గోండులు పన్ను చెల్లింపవలసి వచ్చెను.

భీము బాల్యమునుగూర్చి గోండు పెద్దలు చెప్పుకొను కథ యిట్టిది. అతడు పదునైదేండ్లవాడై యుండగా తండ్రి అటవీ ఉద్యోగుల చేతిలో మరణించెను. కుటుంబము సుర్దాపురమునకు తరలి, అచట కొత్తగా చేను చేసికొనెను. పంట చేతికి వచ్చు వేళకు ఒక పట్టాదారు వచ్చి ఆ భూమి తనదనెను. కలహము పెరిగి, భీము కొట్టిన దెబ్బకు అతడు ప్రాణములు విడిచెను. భీము ఊరు విడిచి చాందాకును, అచటినుండి దూరమున నున్న అస్సాము తేయాకు తోటలకును పోయెను. పరదేశమున కూలిగా బ్రతుకుచు చదువను వ్రాయను నేర్చెను. కష్టము తన జాతివారిది మాత్రమే కాదనియు, కలిసి అడిగినవారి మాటకే విలువ యుండుననియు గ్రహించెను.

కొన్నేండ్లకు భీము తిరిగివచ్చి బాబేఝరి, జోడేఘాటు ప్రాంతమున స్థిరపడెను. గోండులును, కోలాములును అచట అడవి నరికి చేలు చేసికొనిరి. అటవీ సిబ్బంది వారి గుడిసెలను తగులబెట్టి, వెడలిపొమ్మనిరి. అర్జీలు వ్రాయగలవాడు, అధికారుల యెదుట తొణకక మాటలాడగలవాడు భీము. అందుచే పండ్రెండు గ్రామములవారు అతనిని నాయకునిగా ఎన్నుకొనిరి. నీటిపైన, అడవిపైన, భూమిపైన తమకే హక్కు ఉండవలెనని అతడు కోరెను. నిజాముకు విన్నవింప హైదరాబాదునకు పోయెననియు, దర్శనము దొరకలేదనియు చెప్పుదురు.

అధికారులు కొన్ని భూములకు పట్టాలిచ్చెదమని బేరమాడిరట. అంగీకరించినచో భీము ప్రాణము దక్కెడిది. అతని వారికి కొంత నేలయు దక్కెడిది. కాని తమ గ్రామములను తామే పాలించుకొను అధికారము లేనిచో నేడిచ్చిన పట్టా రేపు పోవునని అతడు తలంచెను. పొరుగు గ్రామముల గోండుల కష్టమును మరచుటకు అతని మనసొప్పలేదు. 1940వ సంవత్సరమున పోలీసులు జోడేఘాటు గుట్టను ముట్టడించి కాల్పులు జరిపిరి. భీమును, అతని అనుచరులు పలువురును అచటనే నేలకొరిగిరి.

అతని మరణము వ్యర్థము కాలేదు. గోండుల అశాంతికి కారణమేమో తెలిసికొనుటకు ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. భూమి పోవుటయే మూలకారణమని ఆయన తేల్చెను. తరువాతి సంవత్సరములలో వేలాది ఆదివాసి కుటుంబములకు పట్టాలు లభించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమయ్యెను. స్వాతంత్ర్యానంతరము ఆదివాసుల భూమి అన్యుల పాలు కాకుండుటకు 1959లోను, 1970లోను శాసనములు వెలువడెను. 2016లో ఏర్పడిన ఒక జిల్లాకు కొమరం భీము ఆసిఫాబాదు అని పేరిడిరి.

ప్రతి యేడును ఆశ్వయుజ పూర్ణిమనాడు ఆదివాసులు జోడేఘాటునకు చేరి భీమును స్మరింతురు. శాసనసభలో ఆసనము గాని, బిరుదు గాని అతడెరుగడు. తన చేనిని మాత్రమే కాక తన వారందరి చేలను కాపాడవలెనని తలచుటయే అతనిని నాయకుని చేసెను.