ఎనిమిది తీగల్లో నాలుగు తీసేస్తే

హిమాయత్‌నగర్‌లో మా ఇంట్లో బీరువా మీద తాతయ్య మాండలిన్ ఉంటుంది. తాతయ్య పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మొన్న సెమిస్టర్ సెలవుల్లో నేను దింపాను. ఎనిమిది తీగల్లో మూడు తెగిపోయాయి, మిగతావి తుప్పు పట్టాయి. లిబర్టీ, బషీర్‌బాగ్ మీదుగా అబిడ్స్ తీసుకెళ్లి వాయిద్యాలు బాగుచేసే ఒకాయనకి చూపించాను. కొత్త తీగలు వేస్తూ, దీని మీద ఏం వాయిస్తావని అడిగాడు. కర్ణాటక సంగీతం అన్నాను. (టెన్త్‌లో చదువు పేరు చెప్పి గాత్రం మానేసిన బ్యాచ్ నేను.) అయితే శ్రీనివాస్ గారిలాగా జంటకి ఒక తీగ చొప్పున తీసెయ్యాలి అన్నాడు. తాతయ్య మాండలిన్‌లో సగం తీగలు పీకెయ్యడమా! ఆలోచించుకుని వస్తానని చెప్పి ఇంటికొచ్చేశాను.

మాండలిన్ శ్రీనివాస్ పేరు నాకు తెలుసు. పేరు మాత్రమే తెలుసు. ఆయన పోయినప్పుడు నేను మూడో క్లాసు. మన హాస్టల్లో ఎవరిని అడిగినా మాండలిన్ అంటే డీడీఎల్‌జేలో షారుఖ్ పట్టుకున్నదే అంటారు. ఆ రాత్రి కూర్చుని ఆయన గురించి చదవడం, వినడం మొదలుపెట్టాను.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. ఆరేళ్ల వయసులో పిల్లవాడు మాండలిన్ పట్టుకున్నాడు. ఆసక్తి చూసి నాన్నే కొత్త మాండలిన్ కొనిచ్చి నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు ఈ పిల్లవాణ్ణి శిష్యుడిగా తీసుకున్నారు.

నన్ను ఆపేసిన విషయం ఇక్కడే ఉంది. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగల మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. ఇలా వాయిస్తే తప్పు అనేవాళ్లూ లేరు. ఎదురుగా ఉన్నది ఒక గొంతు, అంతే.

ఆ గొంతు చేసేవన్నీ మామూలు మాండలిన్ చెయ్యలేదు. కొంచెం మెకానిక్స్ మాట్లాడుకుందాం. మాండలిన్‌కి నాలుగు జంటలు, మొత్తం ఎనిమిది తీగలు. జంటలో రెండూ ఒకే స్వరానికి శ్రుతి చేస్తారు. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ శ్రుతే దీనికీ. తీగ పొట్టిది, పెట్టె చిన్నది కాబట్టి మీటిన నాదం టక్కున చచ్చిపోతుంది. అందుకే మాండలిన్ వాళ్లు పిక్‌ని కిందికీ పైకీ గబగబా ఆడిస్తూ స్వరాన్ని సాగదీస్తారు. దాన్నే ట్రెమోలో అంటారు. సినిమా పాటకి అది ఎంత అందమో! కానీ తోడి రాగంలో గాంధారం చూడండి, అది ఒకచోట నిలబడదు, ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు మధ్యలో ట్రెమోలో దూరితే గమకం ముక్కలైపోతుంది. పోనీ తీగని పక్కకి లాగి ఊపుదామంటే, జంటలో రెండు తీగలూ సమానంగా సాగవు. ఒకటి కాస్త ఎక్కువ పలుకుతుంది, ఇంకోటి తక్కువ. రెండూ కొట్టుకుంటాయి. నేను ప్రయత్నించాను, ఇంట్లో పిల్లి లేచి వెళ్లిపోయింది.

శ్రీనివాస్ ఆ జంటల్ని విడగొట్టారు. నాలుగు జంటల బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఒంటి తీగ అయితే లాగినంత సాగుతుంది, వేలు జారిస్తే జారుతుంది. ఐదో తీగతో స్థాయి కూడా పెరిగింది. నాదం నిలబడటానికి ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకున్నారు. దాని ఒళ్లు గుల్లగా కాకుండా గట్టి చెక్కతో ఉంటుంది కాబట్టి తీగలోని శక్తి త్వరగా కరిగిపోదు, పికప్ దాన్ని అందుకుని యాంప్లిఫయర్‌కి పంపుతుంది. కర్ణాటక సంగీతంలో ఎలక్ట్రిక్ మాండలిన్ వాడిన మొదటి మనిషి ఆయనే. యూజర్‌కి ఏం కావాలో ముందు తెలుసుకోండిరా అని మాకు క్లాసులో చెప్తూనే ఉంటారు, మేం మాత్రం కోడ్ రాసేశాక అడుగుతాం. ఇక్కడ యూజర్ తోడి రాగం.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు. 1981 డిసెంబర్ సీజన్‌లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించారు. కచేరీ వేదిక మీద కరెంటుతో నడిచే పాశ్చాత్య వాయిద్యమా అని ముఖం చిట్లించినవాళ్లు లేకపోలేదు. నాకైతే ఆ అభ్యంతరం సగమే అర్థమైంది. వయొలిన్ కూడా బయట నుంచి వచ్చిందే కదా. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి తెచ్చారు. శ్రీనివాస్ నాన్న వాయించిన క్లారినెట్టూ అంతే. కాకపోతే వయొలిన్‌కి మెట్లు లేవు, వేలు ఎటైనా జారుతుంది. మెట్లున్న ఇంత చిన్న వాయిద్యంతో గమకం పలికించడం వేరే కష్టం. ఆ అనుమానంలో న్యాయం ఉంది. దానికి ఆయన వాయించి జవాబు చెప్పారు.

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్లినప్పుడు ఆయనకి పద్నాలుగేళ్లు. నేను ఆ వయసులో ఒలింపియాడ్ ఫౌండేషన్ క్లాసులో కునుకు తీస్తున్నాను. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ ఆల్బమ్ చేశారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’లో వాయించారు. ఆ మెక్‌లాఫ్లిన్ కూడా మొదటి ‘శక్తి’ రోజుల్లో గమకం కోసమే తన గిటార్‌లో మెట్ల మధ్య చెక్కని గుంటల్లా చెక్కించుకున్నాడు. ఒకరు తీగలు తీసేశారు, ఒకరు చెక్క తీసేశారు. 1998లో శ్రీనివాస్‌కి పద్మశ్రీ వచ్చింది. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, కాలేయ మార్పిడి తర్వాత, శ్రీనివాస్ కన్నుమూశారు. నలభై ఐదేళ్లు. మా నాన్న కంటే చిన్న వయసు.

రెండు వారాల తర్వాత మళ్లీ అబిడ్స్ వెళ్లాను. నాకున్న భయం ఒకటే, తాతయ్య వాయిద్యం పాడైపోతుందేమోనని. ఐదో తీగకీ పికప్‌కీ అయితే చెక్కకి కన్నాలు పెట్టాలి, అది వద్దు అన్నాడు ఆయన. నాలుగు తీగలు తియ్యడం వల్ల మాత్రం ఏదీ తెగదు, విరగదు, మళ్లీ ఎప్పుడైనా వేసుకోవచ్చు. సరేనన్నాను.

ఆయన ఒక్కో తీగే విప్పాడు. బ్రిడ్జి అతికించి ఉండదట, తీగల ఒత్తిడికే నిలబడుతుంది, అన్నీ ఒకేసారి విప్పితే పక్కకి జరుగుతుంది. సగం బిగువు తగ్గేసరికి నెక్ కొద్దిగా వెనక్కి వెళ్లి తీగలు మెట్లకి తగిలి జుయ్యిమన్నాయి. బ్రిడ్జి చక్రాలు తిప్పి కాస్త ఎత్తు పెంచాడు. పన్నెండో మెట్టు దగ్గర స్వరం సరిగ్గా రెండో స్థాయికి వస్తుందో లేదో చూశాడు. ఎక్కువ పలుకుతుంటే బ్రిడ్జిని వెనక్కి, తక్కువైతే ముందుకి, వెంట్రుక వాసి చొప్పున జరిపాడు. షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమం అని శ్రుతి చేసి నా చేతికిచ్చాడు. వాయించాక పొడిబట్టతో తుడవమని, లేకపోతే చెమటకి మళ్లీ తుప్పు పడుతుందని చెప్పాడు.

తీసేసిన నాలుగు తీగల్ని కాగితంలో చుట్టి కేసులోనే పెట్టాను. ఇంటికొచ్చి వాయిస్తే నానమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. గొంతు సన్నబడిపోయిందేంట్రా, మీ తాతయ్య వాయిస్తే గలగలమనేది అంది. కాగితం పొట్లం చూపించాను. దసరాకి అవి మళ్లీ వేసి ఒక పాత సినిమా పాట వాయించాలట, ఏ పాటో అప్పుడు చెప్తుందట. నాకింకా ట్రెమోలో రాదు. గాంధారమూ రాలేదు.