మెచ్నికాఫ్: పెరుగుతో ఆయుష్షు పెరుగుతుందన్న నోబెల్ సైంటిస్ట్.. ఆయన పేరు చెప్పి అమ్మిన బిళ్లల్లో అసలేముంది?

మెడికల్ షాపులో ప్రోబయోటిక్ అడగండి. క్యాప్సూల్స్, సాచెట్లు, పిల్లలకు డ్రాప్స్.. బోలెడు చూపిస్తారు. ప్రతి డబ్బా మీదా కోట్లలో మంచి బ్యాక్టీరియా అని రాసి ఉంటుంది. బ్యాక్టీరియాను మింగితే ఒంటికి మంచిదన్న ఆలోచనను జనంలోకి తీసుకెళ్లింది ఇల్యా మెచ్నికాఫ్. డబ్బా మీద రాసింది లోపల ఉందా అనే గొడవ కూడా ఆయన కాలంలోనే మొదలైంది.

1845లో ఖార్కివ్ దగ్గర ఓ పల్లెలో పుట్టారాయన. అప్పుడది రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు ఉక్రెయిన్. తండ్రి సైనికాధికారి. కుర్రాడు మహా చురుకు. నాలుగేళ్ల డిగ్రీని రెండేళ్లలోనే ముగించేశాడు. చిన్న వయసులోనే ఒడెస్సా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే స్థాయికి చేరారు.

ఇంట్లో మాత్రం కష్టాలే. మొదటి భార్య లుద్మిలాకు పెళ్లి నాటికే క్షయ. నడిచే ఓపిక లేక ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకెళ్లారు. 1873లో ఆమె చనిపోయారు. ఆయన కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. తర్వాత ఓల్గాను పెళ్లి చేసుకున్నారు. ఆమెకూ టైఫాయిడ్ వచ్చింది కానీ బతికి బయటపడ్డారు. ఇంకో సంగతి.. టాల్‌స్టాయ్ రాసిన 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' పుస్తకానికి ప్రేరణ మెచ్నికాఫ్ అన్నయ్య చావే. చావు, ముసలితనం అనే ప్రశ్నలు ఆయన్ను వదలకపోవడంలో వింతేముంది?

1882లో ఉద్యోగం వదిలేసి కుటుంబంతో ఇటలీలోని మెస్సినాకు వెళ్లారు. ఓ రోజు ఇంట్లో వాళ్లంతా సర్కస్‌కు పోయారు. ఈయన ఒక్కరే మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. అద్దంలా కనిపించే నక్షత్రచేప పిల్లల్లో గులాబీ ముల్లు గుచ్చి చూద్దామనిపించింది. గుచ్చారు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా మూగి ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన క్రిములను మింగేసే కణాలు మన ఒంట్లో ఉన్నాయన్న సిద్ధాంతం అక్కడే పుట్టింది. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ తెచ్చిపెట్టింది ఇదే. పెరుగు కాదు!

అన్నట్టు, కలరా టీకాతో మన దేశానికి వచ్చి, ఇక్కడే ప్లేగు టీకా తయారుచేసిన వాల్డెమార్ హాఫ్కిన్ ఒడెస్సాలో ఈయన శిష్యుడే. ముంబైలో హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది ఆయన పేరు మీదే.

1888 నుంచి మెచ్నికాఫ్ పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. పెద్దపేగులో కుళ్లు పుట్టించే బ్యాక్టీరియా విషాలు వదిలి మనిషిని తొందరగా ముసలివాణ్ని చేస్తుందని నమ్మారు. బల్గేరియా పల్లెల్లో పుల్లటి పెరుగు తినేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారన్న మాట ఆయన్ను పట్టేసింది. ఆ పెరుగులోని బ్యాక్టీరియాను 1905లో స్టామెన్ గ్రిగోరోవ్ గుర్తించాడు. మెచ్నికాఫ్ కూడా రోజూ పుల్లపాలు తాగేవారు. పాలు బాగా మరిగించి, చల్లార్చి, శుద్ధమైన బ్యాక్టీరియాతోనే తోడు పెట్టాలనేవారు. మనిళ్లలో రాత్రి తోడు వేసే పనే, కాకపోతే ల్యాబ్ నుంచి తెచ్చిన తోడు!

ఇంకేముంది.. యూరప్, అమెరికాల్లో జనం ఎగబడ్డారు. పారిస్‌లో ఓ కంపెనీ 'లాక్టోబాసిలిన్' పేరుతో సరుకు దింపి ప్రకటనల్లో మెచ్నికాఫ్ పేరు వాడుకుంది. ఆయన దాంట్లో పైసా తీసుకోలేదు. అయినా లాభాలు మింగుతున్నాడనే నింద మాత్రం మోశారు. పేరు వాడుకోనివ్వడం ఆయన మంచితనమే కావచ్చు, తెలివైన పని మాత్రం కాదు. ఎందుకంటే పోటీగా రకరకాల బిళ్లలు, పొడులు దిగాయి. వాటిలో చాలావాటిలో బతికున్న బ్యాక్టీరియానే లేదని ఆనాటి డాక్టర్లే హెచ్చరించారు. అది ప్రాణమున్న సరుకు మరి! వేడి తగిలినా, తేమ తగిలినా, రోజులు గడిచినా చచ్చిపోతుంది. బిళ్లను చూస్తే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

1916లో 71 ఏళ్ల వయసులో గుండె జబ్బుతో మెచ్నికాఫ్ కన్నుమూశారు. ఆయన అస్థికలు ఇప్పటికీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలోనే ఉన్నాయి. ఆ బల్గేరియా బ్యాక్టీరియా మనిషి పేగులో నిలదొక్కుకోదని 1921లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రెట్గర్, చెప్లిన్ తేల్చారు.

మరి ఇప్పుడు? 2016లో కాలిఫోర్నియా పరిశోధకులు బిఫిడోబ్యాక్టీరియా ఉన్నాయని అమ్మే 16 ఉత్పత్తుల డీఎన్ఏ పరీక్షిస్తే, లేబుల్‌తో అచ్చంగా సరిపోయింది ఒక్కటే. 2014లో అమెరికాలో నెలలు నిండని శిశువుకు ఇచ్చిన ప్రోబయోటిక్ పొడిలో బూజు కలిసి ఉండటంతో ఆ పసిప్రాణం పోయింది. మన దేశంలో ఫుడ్ రెగ్యులేటర్ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం రోజు మోతాదులో మామూలుగా కనీసం 10 కోట్ల బతికున్న సూక్ష్మజీవులుండాలి. అందుకే డబ్బా తిప్పి చూడండి. బ్యాక్టీరియా పేరు పక్కన స్ట్రెయిన్ గుర్తు ఉందా? రాసిన అంకె తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ నాటిదా? ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటే, షాపువాడు దాన్ని తీసిచ్చింది ఫ్రిజ్‌లోంచేనా, ఎండ పడే ర్యాక్ మీద నుంచా?