వెయ్యేళ్ల నాటి లెక్కల సార్ పావులూరి మల్లన

మీ ఫోన్‌లో క్యాల్కులేటర్ తెరిచి 2 పవర్ 64 కొట్టండి. అందులోంచి 1 తీసేయండి. చాలా ఫోన్లలో పూర్తి జవాబు రాదు. 1.84 అని మొదలై, చివర్లో 10 పవర్ 19 అని ఆగిపోతుంది. మధ్యలో ఉండాల్సిన అంకెలు కనిపించవు. అసలు జవాబు 18446744073709551615. మొత్తం ఇరవై అంకెలు. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకు ఇది పాత చుట్టమే. మైనస్ గుర్తు అవసరం లేనప్పుడు 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణాంకం ఇదే.

ఈ ఇరవై అంకెల్నీ ఒక్కటి కూడా జారిపోకుండా నాలుగు పాదాల తెలుగు పద్యంలో పెట్టినవాడు పావులూరి మల్లన. కాగితం లేదు, అచ్చు లేదు, ఇంటర్నెట్ అసలే లేదు. అయినా తాను ఎన్నడూ చూడని పిల్లలకు లెక్కలు చేరేలా చేశాడు. ఆన్‌లైన్‌లో లెక్కలు నేర్చుకునేవాళ్లూ, నేర్పేవాళ్లూ తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

ఎవరీ మల్లన?

వేంగిని చాళుక్యులు ఏలుతున్న కాలం. రాజమహేంద్రవరంలో 1022 నుంచి 1061 వరకు రాజరాజనరేంద్రుడి పాలన. ఆయన ఆస్థానంలోనే నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. మల్లన కుటుంబానికీ ఆ రాజుతో సంబంధం ఉంది. పిఠాపురం దగ్గరి నవఖండవాడ అనే ఊరు ఆ కుటుంబానికి రాజరాజనరేంద్రుడి దానంగా దక్కింది. ఇంటిపేరులోనే ఇంకో ఊరుంది, పావులూరు. మల్లన శివభక్తుడు. కవిత్వం మీద పట్టు ఉంది, లెక్కలంటే ప్రాణం.

అప్పటికి తెలుగులో పద్యాలున్నాయి, శాసనాలున్నాయి. పిల్లవాడి చేతికిచ్చి నేర్చుకోమనడానికి లెక్కల పుస్తకం లేదు. లెక్కల అవసరం మాత్రం ఊరూరా ఉంది. పొలం కొలవాలి, పన్ను కట్టాలి, వడ్డీ తేల్చాలి, చెరువు తవ్వితే ఎంత మట్టి లేస్తుందో చెప్పాలి. ఈ పనులు చేసే కరణాలూ, వర్తకులూ, మేస్త్రీలూ మాట్లాడేది తెలుగు. శాస్త్రం ఉన్నది సంస్కృతంలో. మల్లన ఈ రెండింటి మధ్యే తన పని వెతుక్కున్నాడు.

మూలం సంస్కృతం, అవసరం తెలుగు

ఆయన ఎంచుకున్న మూలం గణితసార సంగ్రహం. దీన్ని 850 ప్రాంతంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు రాశాడు. అది రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలం. భిన్నాలు, త్రైరాశికం, వడ్డీ లెక్కలు, క్షేత్రాల కొలతలు, తవ్వకాలు, నీడను బట్టి ఎత్తు తేల్చడం, అన్నీ అందులో ఉన్నాయి. రుణ సంఖ్యకు వర్గమూలం ఉండదని కూడా మహావీరుడు గమనించాడు. ఇంటర్లో సంకీర్ణ సంఖ్యలు చదివినవాళ్లకు ఆ మాట ఎంత దూరం వెళ్లిందో తెలుసు.

ఆ పుస్తకంలో లెక్క ఎలా ఉంటుందో రుచి చూడండి. ఒక ఒంటెల మందలో నాలుగో వంతు అడవిలో ఉంది. మొత్తం సంఖ్యకు వర్గమూలం ఎంతో దానికి రెండింతలు కొండవాలు ఎక్కాయి. మిగిలిన పదిహేను ఏటి ఒడ్డున ఉన్నాయి. మంద ఎంత? టెన్త్ వాళ్లు ఒక కాగితం తీసుకోండి. వర్గమూలాన్ని ఎక్స్ అనుకుంటే వర్గ సమీకరణం దానంతట అదే వస్తుంది. జవాబు 36. సరిచూసుకోండి: అడవిలో 9, కొండ మీద 12, ఏటి ఒడ్డున 15.

మల్లన దీన్ని తెలుగులోకి తెచ్చి సారసంగ్రహ గణితం అన్నాడు. జనం మాత్రం పావులూరి గణితం అనే పిలిచారు. మాటకు మాట పెట్టుకుంటూ పోలేదాయన. కొన్ని ఉదాహరణలు వదిలేశాడు, కొన్ని తనవి చేర్చాడు. మూలంలో జైనధర్మానికి సంబంధించిన ప్రస్తావనలు ఉన్నచోట శివుణ్ని తెచ్చాడు. ఇందులో ఆయన భక్తి ఉంది, కాదనలేం. మన పనికొచ్చే సంగతి ఇంకోటుంది. లెక్క పద్ధతిని అలాగే ఉంచి, దాని చుట్టూ ఉన్న ప్రపంచాన్ని నేర్చుకునేవాడి ఊరికి దగ్గరగా జరిపాడు. తెలుగులో వచ్చిన తొలి గణిత గ్రంథంగా సాహిత్య చరిత్రకారులు దీన్నే లెక్కిస్తారు.

సార్ రాని ఊళ్లకు పద్యం వెళ్లింది

లెక్కల పుస్తకం పద్యాల్లో ఎందుకు రాశాడని మీకు అనుమానం రావచ్చు. ఆ రోజుల్లో పుస్తకమంటే తాటాకుల కట్ట. ప్రతి కాపీ ఎవరో ఒకరు గంటంతో గీయాల్సిందే. గీసేవాడు ఒక అంకె తప్పు చెక్కితే, ఆ కట్టను చూసి గీసిన ప్రతి కట్టలోనూ ఆ తప్పే ఉంటుంది. పద్యమైతే నోట్లో ఉంటుంది. చెరగదు, చిరగదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోయాల్సిన బరువూ లేదు.

మరి అంకెల్ని పద్యంలో ఎలా పెడతారు? దానికి మన దేశంలో పాత పద్ధతే ఒకటుంది. ఆకాశం అంటే 0, చంద్రుడు అంటే 1, కళ్లు అంటే 2, అగ్ని అంటే 3, వేదం అంటే 4, బాణం అంటే 5, పర్వతం అంటే 7, ఏనుగు అంటే 8. ఇలా ప్రతి అంకెకూ పదాలుంటాయి. ఒక్కో అంకెకు ఒకటికి మించి పదాలు ఉండటంతో ఛందస్సుకు సరిపోయేది ఎంచుకోవచ్చు. చదివేటప్పుడు ఒకట్ల స్థానం ముందు వస్తుంది, అంటే సంఖ్యను కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. మొదట చెప్పిన ఇరవై అంకెలూ మల్లన పద్యంలో ఇలాగే ఉన్నాయి.

కోడ్ రాసేవాళ్లకు ఇందులో ఇంకో ముచ్చట కనిపిస్తుంది. మనం డేటా పంపేటప్పుడు, దారిలో పాడైతే తెలియాలని కొన్ని అదనపు బిట్లు జోడిస్తాం. పద్యానికి గణాలు, యతి, ప్రాస ఆ పని చేస్తాయి. ఎవరైనా ఒక పదం మింగేస్తే, లేదా పొట్టి పదం బదులు పొడుగు పదం పెడితే, పద్యం నడక కుంటుతుంది. విన్నవాడు అక్కడే ఆపుతాడు. అన్ని తప్పులూ ఇలా దొరకవు లెండి. ఒకే కొలత ఉన్న రెండు పదాలు తారుమారైతే ఛందస్సు పట్టుకోలేదు. అప్పుడు లెక్క చేసి చూడాల్సిందే. అదీ కష్టం కాదు. 2 నుంచి మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేయండి: 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాతది 2 పవర్ 64. చివర్లో 1 తీసేస్తే మల్లన సంఖ్య.

ఒకే పలక, మూడు ఫంక్షన్లు

ఆ పద్యంలోని లెక్క చదరంగం పలకది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? పదో గడికి 512 గింజలే. గుప్పెట్లో పట్టేస్తాయి. ఇరవయ్యో గడికి 5,24,288. ముప్పై రెండో గడికి 214 కోట్లు దాటుతాయి. పలకలో ఇంకా సగం మిగిలే ఉంది.

ఇదే పలక మీద మూడు ఫంక్షన్లు, అదే మన పుస్తకాల భాషలో ప్రమేయాలు, పక్కపక్కన పెట్టి చూడండి. గడి నంబరు ఎంతో అన్ని గింజలు వేస్తే 64వ గడిలో 64 గింజలు. ఇది సరళరేఖ. గడి నంబరును వర్గం చేసి వేస్తే 4,096. ఇది వర్గ ప్రమేయం. రెట్టిస్తూ పోతే 64వ గడిలో ఒక్కదానిలోనే 19 అంకెల సంఖ్య. ఇది ఘాతీయ ప్రమేయం. నిర్వచనాలు బట్టీ పట్టినవాడికి ఈ మూడూ మూడు సూత్రాలే. గింజలు వేసి చూసినవాడికి మూడు వేర్వేరు వేగాలు. చక్రవడ్డీ అప్పు ఎందుకు అంత భయంకరమో, ఒక వైరస్ వారాల్లో ఊరంతా ఎలా పాకుతుందో ఆ మూడో వేగం తెలిస్తే అర్థమవుతుంది.

బయ్యారం చెరువు దగ్గర

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. అప్పటి నుంచి ఫోన్లో లెక్కల పాఠం వినడం అలవాటైంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఉన్న పిల్లలకూ, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకూ ఇప్పుడు అదే వీడియో దొరుకుతుంది. కానీ ఆ వీడియోలో ఉదాహరణ మెట్రో రైలు వేగమో, లిఫ్ట్ ఎక్కడమో అయితే బయ్యారం పిల్ల ముందు ఆ వస్తువును ఊహించుకోవాలి, ఆ తర్వాత లెక్క. రెండు మెట్లు ఒకేసారి ఎక్కమంటే కాలు జారుతుంది. జారిన ఆ కాలే టెన్త్ తర్వాత ఎంపీసీ ఫారం ముందు ఆగిపోతుంది. లెక్కలు నాకు రావు అన్న నిర్ణయం చాలామంది తెలివి వల్ల తీసుకున్నది కాదు, ఉదాహరణ తగలక తీసుకున్నది.

బయ్యారంలో ఉదాహరణకు కరువేం లేదు. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అక్కడ ఉంది. ఆ చెరువు శాసనం కాకతీయుల వంశావళిని చెప్పే ముఖ్యమైన ఆధారం. చరిత్ర విద్యార్థి శాసనం చూస్తాడు, లెక్కల విద్యార్థి తూము చూడాలి. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూములోంచి నీళ్లు జోరుగా వస్తాయి, మట్టం తగ్గేకొద్దీ జోరు తగ్గుతుంది. ఆ జోరు నీటి ఎత్తుకు వర్గమూలంతో పాటు మారుతుంది. ఒంటెల లెక్కలో చూసిన వర్గమూలమే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో చేయండి. పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని అడుగున చిన్న చిల్లి పెట్టండి. చిల్లి నుంచి పైకి నాలుగు సమాన భాగాలు గీయండి. నీళ్లు నింపి మూత తీసేయండి. పై మూడు భాగాలు ఖాళీ అవ్వడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, కింది ఒక్క భాగం ఖాళీ అవ్వడానికి దాదాపు అన్నే సెకన్లు పడతాయి. ఎందుకంటే ఎత్తు 1 నుంచి నాలుగో వంతుకు వచ్చేసరికి దాని వర్గమూలం 1 నుంచి సగానికి వస్తుంది. మిగిలిన సగం తగ్గడానికీ అంతే సమయం. పది సెకన్లకోసారి మట్టం రాసుకుని గ్రాఫ్ గీస్తే పరావలయం వస్తుంది. సార్ ఎక్కడో ఉన్నా ఈ పాఠం నడుస్తుంది. నెట్ పోయినా నడుస్తుంది.

మీరు పాఠం తయారు చేస్తుంటే

ట్యూషన్ చెప్పే డిగ్రీ విద్యార్థులు, బీఈడీ చేస్తున్నవాళ్లు, ఎడ్‌టెక్ కంపెనీల్లో కంటెంట్ ఉద్యోగం చూస్తున్నవాళ్లు ఈ పేజీ చదువుతుంటారు. మల్లన పనిని మూడు ప్రశ్నలుగా మార్చుకుని మీ పాఠాన్ని పరీక్షించండి.

ఒకటి, ఉదాహరణలోని వస్తువును పిల్లలు కళ్లతో చూశారా? నీడతో కొబ్బరి చెట్టు ఎత్తు తేల్చమంటే సరూప త్రిభుజాలు వాకిట్లోకి వస్తాయి. కరెంటు బిల్లు స్లాబులు తెరిస్తే భాగాలుగా మారే ఫంక్షన్ దొరుకుతుంది.

రెండు, వీడియో ఆగిపోయాక పిల్లల దగ్గర ఏం మిగులుతుంది? నోటికి వచ్చే ఒక వాక్యమో, చేత్తో చేసిన ఒక పట్టికో మిగలాలి.

మూడు, జవాబు తప్పయితే పిల్లలకు మీరు లేకుండానే తెలుస్తుందా? సరిచూసుకునే దారి ప్రతి లెక్కలోనూ పెట్టండి. మల్లన సంఖ్య చివర 5 ఉంది కాబట్టి 5తో భాగించబడాలి. అంకెల మొత్తం 87 కాబట్టి 3తోనూ భాగించబడాలి. రెండూ నిజమే.

మల్లన పేరు ఇవాళ పోటీ పరీక్షల బిట్లలో మిగిలింది. తెలుగులో తొలి గణిత గ్రంథకర్త ఎవరు అని ఒక మార్కు. ఆ మార్కు తెచ్చుకోండి, తప్పులేదు. దాంతో పాటు ఈ ఆదివారం ఒక సీసాకు చిల్లి పెట్టి, మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే తమ్ముడికో చెల్లికో గడియారం ఇచ్చి సెకన్లు లెక్కపెట్టమనండి.