భూగర్భ సమాధుల పరిశోధకుడు జొవాన్ని బత్తిస్తా డి రోస్సీ

రోమాపురి యాత్రకు వెళ్ళిన మన మేత్రాసన విశ్వాసులు సామాన్యంగా పునీత పేతురుగారి దేవాలయం చూచి, పాపుగారి ఆశీర్వాదం పొంది, ఆపైన తీరిక చిక్కితే అప్పియా రహదారి వెంట వున్న భూగర్భ సమాధులకు వెళుతుంటారు. మేమూ అలాగే వెళ్ళాము. వృద్ధ సలేషియన్ గురువు ఒకరు చేతిలో టార్చిలైటు పట్టుకొని ముందు నడుస్తూ వుంటే, మేము ఒకరి వెనుక ఒకరుగా పునీత కలిస్తుస్ సమాధుల మెట్లు దిగాము. పైన ఎండ మాడుతున్నది. లోపల శాలువా కప్పుకోవలసినంత చల్లదనం. ఇరుప్రక్కల గోడలలో బీరువా అరలవలె ఒకదానిపై ఒకటి తొలిచిన సమాధులు. 4 అంతస్తులలో సుమారు 20 కిలోమీటర్ల సొరంగాలు వున్నాయని, 16 మంది పాపులను ఇచ్చట భూస్థాపితం చేశారని ఫాదరుగారు చెప్పారు.

హింసల కాలంలో క్రైస్తవులు ఈ సొరంగాలలోనే కాపురముండి ప్రాణాలు దాచుకొన్నారని మేము చిన్ననాడు సత్యోపదేశం తరగతిలో నేర్చుకొన్నాము. మాలో ఉపదేశులుగా పనిచేసినవారు దానినే పిల్లలకు నేర్పినారు కూడ. ఆ మాట అనగానే ఫాదరుగారు ఆగి, చిరునవ్వుతో తల అడ్డంగా త్రిప్పారు. పట్టణపు గోడల లోపల శవాలను పూడ్చరాదని రోము చట్టం. కనుక అందరివలె క్రైస్తవులు కూడ ఊరి వెలుపలనే సమాధులు త్రవ్వుకొన్నారు. అచ్చటి రాయి త్రవ్వేటప్పుడు మెత్తగా వుండి, గాలి తగిలిన తరువాత గట్టిపడుతుంది. ఈ స్థలాలు అధికారులు ఎరిగినవే. వేలాది శవాల మధ్య సంసారాలు సాగవు గదా! 258లో రెండవ సిక్స్తుస్ పాపుగారిని ఆరాధన జరుపుతుండగా ఈ సమాధుల వద్దనే పట్టుకొని చంపారనుట మాత్రం సత్యమే. ఇదంతా మనకు తెలియజేసిన మహనీయుని పేరు ఫాదరుగారి నోట అప్పుడే విన్నాము. ఆయనే డి రోస్సీ.

ఆయన 1822 ఫిబ్రవరి 23న రోములో జన్మించారు. ఆయనకు ముందు ఆంతోనియో బోసియో అనే పండితుడు 1593లో మొదలుపెట్టి జీవితమంతా ఈ సొరంగాలు గాలించాడు. ఒకసారి దారి తప్పి, దీపాలు కూడ ఆరిపోయి, తాను అచ్చటనే సమాధి అయిపోతానేమోనని భయపడ్డాడు. అతని మహాగ్రంథం అతడు 1629లో మరణించిన తరువాతనే వెలువడింది. ఆ గ్రంథమే బాలుడైన డి రోస్సీ మనస్సును పట్టివేసింది. న్యాయశాస్త్రం చదివినా ఆయన మనస్సు కోర్టులలో లేదు. వాతికను గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ, యేసుసభ గురువు జుసెప్పే మార్కిగారి వెంట సమాధులలో తిరిగారు. బోసియో తరువాత రెండు శతాబ్దాలు అక్కడికి దిగినవారిలో పలువురు ఎముకలు, పాలరాతి పలకలు తరలించుకొని పోయారు గాని, వున్నదానిని వున్నచోటనే వుంచి చదువుదామనుకొన్నవారు అరుదు. ఆ పద్ధతి మార్కిగారు నేర్పినది.

శిష్యుడు మరొక అడుగు ముందుకు వేశాడు. 8, 9 శతాబ్దాలలో పాపులు వేదసాక్షుల అవశేషాలను పట్టణంలోని దేవాలయాలకు తరలించగా ఈ సమాధులు మరుగునపడ్డాయి. పునీత సెబాస్టియన్ దేవాలయం క్రింది సమాధులకు మాత్రం యాత్రికుల రాకపోకలు ఆగలేదు. అందుచేత కలిస్తుస్ సమాధులు కూడ అవేనని జనం అనుకొన్నారు. పునీత సెసిలియమ్మ సమాధి ఇదేనని 15వ శతాబ్దంలో అక్కడ పలక కూడ పెట్టారు. భక్తులు నాలుగు వందల యేండ్లుగా మోకరించిన చోటును ఇది కాదని చెప్పుట సులభమా? పరమ భక్తుడైన డి రోస్సీ ఆ మాట చెప్పారు. 7వ శతాబ్దపు యాత్రికుల కోసం వ్రాసిన దారి పుస్తకాలు ఆయనకు ఆధారం. ఏ రహదారిపై, ఏ ప్రక్కన, ఎవరి తరువాత ఎవరి సమాధి వస్తుందో అవి చెబుతున్నాయి. వాటి ప్రకారం కలిస్తుస్ సమాధులు వేరొక తోట క్రింద వుండాలి.

1849లో ఆ ద్రాక్షతోట కొట్టంలో ఒక పాలరాతి ముక్క ఆయన కంటబడింది. దానిమీద ఒక పేరులోని చివరి అక్షరాలు ‘నేలియుస్’ అని, ఆ తరువాత వేదసాక్షి అనే మాట వున్నాయి. ఇది 253లో ప్రవాసంలో మరణించిన కొర్నేలియుస్ పాపుగారి పలక అని ఆయన గ్రహించి, తోటను కొనవలసినదిగా తొమ్మిదవ పీయూస్ పాపుగారిని వేడుకొన్నారు. పాపుగారు మొదట పరిహాసమాడినా, తోట కొనిపెట్టారు. 1852లో క్రింద త్రవ్వగా కొర్నేలియుస్ సమాధి, దాని వద్ద పలకలోని మిగిలిన భాగం దొరికాయి. రెండు ముక్కలూ అతికాయి. 1854లో పాపుల సమాధి గది బయటపడింది. అంతెరుస్, ఫాబియాన్, లూసియుస్, ఎవుతికియాన్ పేర్లు గ్రీకు అక్షరాలలో వున్నాయి. ఫాబియాన్ పలకపై వేదసాక్షి అనే గుర్తు తరువాత మరొక చేతితో చెక్కినది. ఆ పక్క గదియే సెసిలియమ్మ సమాధి. దమాసుస్ పాపుగారు అక్కడ చెక్కించిన పద్యం నూటికి పైగా ముక్కలై వుంటే, డి రోస్సీ వాటిని ఏరి చేర్చారు.

1854 మే 11న పాపుగారు స్వయంగా దిగి వచ్చారు. ఇవి నిజంగా తమ పూర్వికుల సమాధులేనా అని ఆయన అడుగగా, ఇదంతా పురావస్తు పరిశోధకుని కల మాత్రమేనని డి రోస్సీ వినయంగా పాత పరిహాసాన్ని గుర్తు చేశారని చెప్పుకొంటారు.

మా మనస్సును ఎక్కువగా కదిలించినది పాపుల పేర్లు కాదు. గోడమీద పూర్వయాత్రికులు గీసిన గీతలను డి రోస్సీ ఓపికగా చదివారు. ఎవరో ఒకరు సొఫ్రోనియా అనే స్త్రీ కోసం దారి పొడవునా ప్రార్థన వ్రాస్తూ పోయారు. మొదట ఆమె తనవారితో జీవించుగాక అన్న కోరిక. లోపలికి పోయే కొలదీ ఆమె దేవునియందు సదా జీవిస్తుందన్న నిశ్చయం. ఫాదరుగారు ఇది చెప్పినప్పుడు మాలో ఇటీవల భార్యను పోగొట్టుకొన్న ఒక పెద్దాయన గోడను ఆనుకొని చాలాసేపు నిలబడిపోయారు. మేమూ తొందరపెట్టలేదు.

డి రోస్సీ 1863 నుండి ఒక పత్రిక నడిపారు. 1864, 1867, 1877 సంవత్సరాలలో సమాధులపై మూడు బృహద్గ్రంథాలు వెలువరించారు. భూగర్భ శాస్త్రజ్ఞుడైన తమ్ముడు మికేలె సొరంగాల కొలతలు తీసి పటాలు గీసి తోడ్పడ్డాడు. ఆయన చెప్పినదంతా నిలువలేదు. క్రైస్తవులు అంత్యక్రియల సంఘాల పేరిట చట్టరీత్యా ఈ స్థలాలు పొందారన్న ఆయన ఊహను తరువాతి పండితులు పెక్కుమంది అంగీకరించలేదు. నాలుగవ సంపుటం పూర్తికాకుండానే 1894 సెప్టెంబరు 20న కాస్టెల్ గండోల్ఫోలో కన్నుమూశారు.

తిరిగి మెట్ల వద్దకు వస్తూ, పాపుల గదిలోని పొన్సియానుస్ పాపుగారి పలక సంగతి అడిగాము. అది డి రోస్సీ చూడలేదని ఫాదరుగారు చెప్పారు. ఆయన పోయిన 15 యేండ్లకు, 1909లో, విల్పెర్ట్ గురువు త్రవ్వకాలలో దొరికినదట.